నోటిపూత మానట్లేదు, ఒంటిమీద నీటిపొక్కులు లేస్తున్నాయి: ఏం చూడాలి, ఎలా చూపించుకోవాలి

"నెల దాటింది, అమ్మకు నోటిపూత తగ్గట్లేదు. బీకాంప్లెక్స్ మాత్రలు అయ్యాయి, జెల్ అయింది. ఇప్పుడు వీపుమీద నీటిపొక్కులు లేస్తున్నాయి. అంటుకుంటుందా? ఏ మందు వాడాలి?" మనుషులు మారతారు, ఊళ్లు మారతాయి, ఈ ప్రశ్న మాత్రం మారదు. ఒక్కోసారి అమ్మ బదులు నాన్న, నోటి బదులు తల. చర్మవ్యాధుల వార్డులో నర్సుగా పనిచేస్తాను కాబట్టి తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ నన్నే అడుగుతుంటారు. అందరికీ ఫోన్లో చెప్పే మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మందు సంగతి తర్వాత. ముందు పొక్కును సరిగ్గా చూడండి, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో తేదీలతో రాసుకోండి. నేను చెప్పబోయే పెంఫిగస్, పెంఫిగాయిడ్ అనే పొక్కుల జబ్బుల్లో ఆ వరుస తెలిస్తే డాక్టరుకు సగం పని అయిపోయినట్టే. నెలలు వృథా అయ్యేది చాలావరకు ఇక్కడే: నోరు పళ్ల డాక్టరుకూ, ఒళ్లు చర్మం డాక్టరుకూ, కళ్లు కళ్ల డాక్టరుకూ విడివిడిగా చూపిస్తారు. మూడూ ఒకే జబ్బని ఎవరికీ తట్టదు.

జబ్బు గురించి రెండు ముక్కలు. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు దారితప్పి మన చర్మం మీదే పడతాయి. చర్మకణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ ప్రోటీన్ల మీద పడితే అది పెంఫిగస్. పైచర్మాన్ని కిందిచర్మానికి పట్టి ఉంచే బీపీ180, బీపీ230 ప్రోటీన్ల మీద పడితే బుల్లస్ పెంఫిగాయిడ్. మొదటిదాంట్లో పొక్కు పైచర్మం లోపలే లేస్తుంది, కప్పు పలచన, ఇట్టే చిట్లిపోతుంది. రెండోదాంట్లో పైచర్మం మొత్తం కప్పుగా లేస్తుంది, అందుకే బిగుతుగా రోజుల తరబడి నిలుస్తుంది. రెండూ అంటుజబ్బులు కావు. పక్కన పడుకున్నా, కంచం పంచుకున్నా, పొక్కు నీరు చేతికి తగిలినా ఈ జబ్బు రాదు. పేషెంటుకు వేరే గది, వేరే గ్లాసు పెట్టే ఇళ్లున్నాయి. ఆ పని చేయకండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- పగటి వెలుతురు పడే చోటు, ఫోన్ కెమెరా, ఒక రూపాయి బిళ్ల లేదా స్కేలు (సైజు తెలియడానికి)
- ఒక నోట్‌బుక్
- గత ఆరు నెలల్లో వాడిన మందులన్నీ: చీటీలు కాదు, అట్టలు. బీపీ, షుగర్, మూర్ఛ, కీళ్లనొప్పుల మాత్రలు, కంటి చుక్కలు, ఆయుర్వేదం, పొట్లాల్లో ఇచ్చిన పేరులేని మాత్రలు, అన్నీ
- థర్మామీటరు, బరువు చూసే మిషను
- బాగా ఉతికి మెత్తబడిన పాత కాటన్ పంచె లేదా చీర, ముందు బొత్తాలుండే వదులు చొక్కా
- వాజలిన్, మెడికల్ షాపులో దొరికే పారఫిన్ గాజు (వాజలిన్‌లాంటి మైనం పట్టించిన జాలీ గుడ్డ), లేత అరటి ఆకులు (ఎందుకో ఎనిమిదో మెట్టులో చెబుతాను)

1. ముందు ఇది ఎమర్జెన్సీయా కాదా తేల్చుకోండి

ఈ కింది వాటిలో ఒక్కటి ఉన్నా మిగతా మెట్లు వదిలేసి ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లండి.

కొత్త మందు మొదలుపెట్టిన ఒకటి నుంచి నాలుగు వారాల్లోపు జ్వరం వచ్చి, ఒంటిమీద ఎరుపు, నలుపు కలిసిన మచ్చలు లేచి, చర్మం మండి ఊడిపోతూ, పెదాలు, కళ్లు పుండ్లు పడుతుంటే అది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు దీనికి పేరుమోసినవి. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు ఇది. మందు అట్ట చేత్తో పట్టుకుని వెళ్లండి.

కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, గొంతు బొంగురుపోయి ఊపిరి ఇబ్బంది కావడం, మంచినీళ్లు కూడా మింగలేకపోవడం, చలిజ్వరం, పుండ్ల నుంచి చీము లేదా దుర్వాసన, మనిషి మగతగా పడి ఉండటం, మూత్రం తగ్గిపోవడం కూడా ఆగే విషయాలు కావు. పచ్చి పుండ్లన్నీ కలిపి పేషెంటు అరచేతులు పదింటికి పైగా ఉంటే వేరే లక్షణమేదీ లేకపోయినా అడ్మిట్ అవ్వాల్సిందే అనుకోండి. వేళ్లతో సహా అరచేయి ఒంటి చర్మంలో దాదాపు ఒక శాతం. ఈ లెక్క మళ్లీ పనికొస్తుంది.

2. ఏది ముందు, ఏది తర్వాత: రాసుకోండి

"ఎప్పటి నుంచి?" అని డాక్టరు అడిగితే "చాలా రోజుల నుంచండీ" అంటారు. అది ఎవరికీ ఉపయోగపడదు. తేదీ గుర్తులేకపోతే పండగలతో పట్టుకోండి: సంక్రాంతికి నోరు బాగానే ఉందా, అరిసెలు తినగలిగారా? ఉగాదికి పచ్చడి నోట్లో పెట్టుకుంటే మండిందా? ఇలా అడిగితే పెద్దవాళ్లు ఇట్టే చెబుతారు.

పెంఫిగస్‌లో ఎక్కువగా కనిపించే రకం పెంఫిగస్ వల్గారిస్. దీంట్లో చాలామందికి మొదట వచ్చేది నోట్లోనే. చర్మం మీద పొక్కు లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పెంఫిగాయిడ్‌లో వరుస వేరు: మొదట దురద. పొక్కు జాడ లేకుండా వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి దురద, దద్దుర్లలాంటి ఎర్రటి మచ్చలు. ఆ తర్వాత పొక్కులు. అరవై దాటిన మనిషికి తగ్గని దురద వస్తే గజ్జి అనుకుని ఇల్లంతా మందు పూసుకుంటారు. గజ్జి అయితే చాలావరకు ఇంట్లో ఇంకొకరికి కూడా దురద మొదలవుతుంది, వేళ్ల సందుల్లో కూడా ఉంటుంది. పెద్దాయన ఒక్కడే గోక్కుంటుంటే పెంఫిగాయిడ్‌ని కూడా గుర్తుంచుకోండి.

మందుల అట్టలు కూడా ఇప్పుడే పక్కన పెట్టి, ఏది ఎప్పుడు మొదలుపెట్టారో రాయండి. షుగర్‌కు వాడే గ్లిప్టిన్ రకం మాత్రలకూ (విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్) పెంఫిగాయిడ్‌కూ సంబంధం ఉందని ఇప్పుడు బాగా తెలుసు. మన దగ్గర ఇవి ఇంటింటా ఉన్నాయి. అలాగని రేపటి నుంచి షుగర్ మాత్ర మానేయకండి. డాక్టరుకు అట్ట చూపించి "ఇది మార్చాలా?" అని అడగండి, చాలు. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో కూడా పెంఫిగాయిడ్ ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి అవి ఉంటే చెప్పండి.

3. పొక్కును దగ్గరగా చూడండి

ఈ మెట్టు మీద కాస్త టైం పెట్టండి. ఒక కొత్త పొక్కు, అంటే నిన్నగానీ ఇవాళగానీ లేచింది, వెతకండి. దాన్ని పగటి వెలుతురులో, పక్క నుంచి చూడండి.

మెత్తగా, వదులుగా ఉందా? పెంఫిగస్ పొక్కు మామూలు చర్మం మీదే, చుట్టూ పెద్దగా ఎరుపు లేకుండా లేస్తుంది. కప్పు ముడతలు పడి, మనిషి కూర్చుంటే లోపలి నీరు కిందివైపు జారి అక్కడ సంచి కడుతుంది. ఒకటి రెండు రోజుల్లో చిట్లిపోయి ఎర్రటి, తడి పుండు మిగులుతుంది. ఆ పుండు అంచు చుట్టూ చర్మం పొర తెల్లగా లేచి ఉంటుంది, మానకుండా పక్కలకు పాకుతుంది. దురద తక్కువ, మంట, నొప్పి ఎక్కువ.

బిగుతుగా, గోపురంలా ఉందా? పెంఫిగాయిడ్ పొక్కు వేలితో మెల్లగా తాకితే గట్టిగా తగులుతుంది. ఎర్రటి దద్దురు మీద లేవొచ్చు, మామూలు చర్మం మీదా లేవొచ్చు. లోపల తేట నీరు, ఒక్కోసారి రక్తం కలిసిన నీరు. పొట్ట కింది భాగం, తొడల లోపలి వైపు, చేతుల మడత వైపు దీనికి ఇష్టమైన చోట్లు. దురద మాత్రం నిద్ర పట్టనివ్వదు. నోట్లో రావడం తక్కువమందిలో.

అసలు పొక్కే కనిపించకుండా తల, ముఖం, ఛాతీ, వీపు మీద పొలుసులు, పక్కులు మాత్రమే ఉండి, తీస్తే కింద తడిగా ఉంటే పెంఫిగస్ ఫోలియేషియస్ అనే రకం. దీంట్లో నోరు శుభ్రంగా ఉంటుంది. చుండ్రు, తామర అని రోజులు గడిచిపోయేది దీంట్లోనే.

ఎక్కువమంది చేసే పొరపాటు: "మాకు పొక్కులు లేవండీ, పుండ్లే ఉన్నాయి" అని ఈ జబ్బు కాదని తేల్చేసుకోవడం. పెంఫిగస్ పేషెంట్లలో చాలామంది పొక్కును పొక్కుగా చూడనే చూడరు. రాత్రి లేచింది దుప్పటి రాపిడికి తెల్లారేసరికి చిట్లిపోతుంది. పొద్దున పక్కబట్టల మీద తడి మరకలు, వీపుకు అతుక్కున్న చొక్కా ఉన్నాయా చూడండి.

హెచ్చరిక: వేలితో చర్మాన్ని పక్కకు నొక్కి రుద్దితే పైపొర జారిపోతుందా అని చూసే పరీక్ష ఒకటుంది, నికోల్‌స్కీ సైన్ అంటారు. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో చేయకండి. ఉన్న పుండ్లకు తోడు ఇంకో పుండు చేసుకోవడం తప్ప లాభం లేదు. అది డాక్టరు పని.

4. ఎవరూ చూడని చోట్లు చూడండి

నోరు: టార్చి వేసి బుగ్గల లోపల, అంగిలి, నాలుక కింద, చిగుళ్లు చూడండి. పెంఫిగస్ పుండు గుండ్రంగా ఉండదు. అంచులు చిరిగినట్టు, పైన తెల్లటి పొర పేలికలుగా ఉంటుంది. మామూలు నోటిపూత అయితే చిన్నగా, గుండ్రంగా, మధ్యలో పసుపు, చుట్టూ ఎర్రటి గీతతో ఉండి రెండు వారాల్లో తనంతట తానే మానుతుంది. చిగుళ్లు మాత్రమే ఎర్రగా పొరలు ఊడుతూ, బ్రష్ చేస్తే రక్తం వస్తుంటే పళ్లు క్లీనింగ్ చేయించుకుని సరిపెట్టుకోకండి. నోరు, కళ్లలాంటి చోట్ల లోపలి పొరలకు వచ్చే మ్యూకస్ మెంబ్రేన్ పెంఫిగాయిడ్ అలాగే మొదలవుతుంది, అది కళ్లలో మచ్చలు కట్టి చూపును తీసేయగలదు.

ఒకే ఒక్క పుండు, అంచు గట్టిగా, మూడు వారాలైనా మానకుండా ఉంటే దారి వేరు. గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవాళ్లు, ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్లు అంగిలి మీద అలాంటిది చూస్తే ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

తల: జుట్టు పాయలు తీసి చూడండి. దువ్వెనకు తడి, జిగురు అంటుతుంటే, ఒకే చోట జుట్టు అట్ట కడుతుంటే అక్కడ పుండు ఉంది. నూనె పెట్టి దువ్వేసి వస్తే ఓపీలో ఎవరికీ కనిపించదు.

ముక్కులో పక్కులు, గొంతు మారడం, మింగేటప్పుడు నొప్పి, కళ్ల మంట, బొడ్డు, చంకలు, రొమ్ముల కింద, గోళ్ల చుట్టూ, మూత్రం పోసుకునే చోట, మలద్వారం. చివరి రెండూ ఆడవాళ్లు చెప్పరు, మగవాళ్లు అసలే చెప్పరు. "మూత్రానికి వెళ్తే మంటగా ఉందా?" అని కూతురో కోడలో నెమ్మదిగా అడిగితే బయటపడుతుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ అని కోర్సుల మీద కోర్సులు యాంటీబయోటిక్ వాడినవాళ్లను వార్డులో చూస్తూనే ఉంటాం.

5. పోలికలున్నవి పక్కకు తీయండి

సర్పి అయితే ఒంటికి ఒకవైపే, పట్టీలా వస్తుంది, పొక్కుల కంటే ముందే నొప్పి మొదలవుతుంది. ఆటలమ్మ అయితే జ్వరంతో వచ్చి చిన్నచిన్న పొక్కులు వారం, పది రోజుల్లో ఎండిపోతాయి. వానాకాలం రాత్రి ట్యూబులైటు కింద పడుకుని లేచేసరికి మెడ మీదో ముఖం మీదో గీత గీసినట్టు కాలి పొక్కితే అది పురుగు స్రావం పని. చిన్నపిల్లల్లో తేనె రంగు పక్కులు కడితే చాలావరకు చీముపొక్కులే. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల మీద నొప్పి, ఎరుపు లేకుండా ఒక్క పెద్ద పొక్కు లేస్తే అది షుగర్ పొక్కు కావచ్చు, దానికీ డాక్టరు కావాలి.

ఇవేవీ కావనిపించి, పొక్కులో పుండ్లో రెండు వారాలు దాటి ఉంటే, లేదా నోరు, చర్మం రెండూ పట్టి ఉంటే, ఇక ఆగకండి. పసర్లు, కావి పూతలు, పసుపు ముద్దలు వద్దు. పసుపు అంటే నాకేమీ కోపం లేదు. కానీ పచ్చి పుండు మీద ఎండి అట్ట కట్టాక దాన్ని తీసేటప్పుడు ఊడే చర్మాన్ని మేం చూస్తాం.

6. ఫోటోలు తీయండి

ఆసుపత్రికి వెళ్లే రోజుకు కొత్త పొక్కు ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే లేచిన రోజే తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. ఒక్కో చోటికి రెండు: దూరం నుంచి ఒకటి (ఒంటిమీద ఎక్కడుందో తెలియడానికి), దగ్గర నుంచి పక్కన రూపాయి బిళ్లతో ఒకటి. బిళ్ల పుండుకు తగలకూడదు. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి, కొన్ని ఫోన్లలో అది దానంతట అదే ఎరుపును తగ్గించేస్తుంది. వారానికోసారి అదే చోట, అదే దూరం నుంచి తీస్తే తగ్గుతోందో లేదో తర్వాత గొడవ ఉండదు.

7. ఎక్కడికి వెళ్లాలి, ఏం పరీక్షలు

చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో బోర్డు మీద "చర్మ, సుఖవ్యాధుల విభాగం" అని ఉంటుంది. ఆ రెండో మాట చూసి వెనక్కి తిరిగిన పెద్దవాళ్లున్నారు. చర్మం జబ్బులన్నీ అక్కడే చూస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రి అయితే అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర మీ జబ్బు పేరు చెప్పి కనుక్కోండి.

వెళ్లే రోజు పొద్దున కొత్త పొక్కును పొడవకండి, దానిమీద ఏ ఆయింట్‌మెంటూ పూయకండి. డాక్టరుకు కావాల్సింది ఆ తాజా పొక్కే. పుండు అడుగు నుంచి గీకి గాజు పలక మీద పూసే జాంక్ స్మియర్ పరీక్ష వెంటనే అవుతుంది, కానీ దాంతో అనుమానం బలపడుతుందే తప్ప జబ్బు తేలదు. తేల్చేది బయాప్సీ. మామూలుగా రెండు ముక్కలు తీస్తారు, రెండూ మినపగింజంత. ఒకటి కొత్త పొక్కు లేదా దాని అంచు నుంచి. రెండోది పొక్కు పక్కనున్న మామూలు చర్మం నుంచి, చర్మంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు. "బాగున్న చర్మాన్ని ఎందుకు కోస్తున్నారు?" అని ఇక్కడే గొడవ పెట్టుకుంటారు. యాంటీబాడీలు చెక్కుచెదరకుండా దొరికేది ఆ చర్మంలోనే. పుండులో నుంచి తీస్తే తప్పుగా నెగటివ్ రావచ్చు.

శాంపిళ్లను మీ చేతికే ఇచ్చి బయటి ల్యాబ్‌కు తీసుకెళ్లమంటే జాగ్రత్త. మొదటి ముక్క ఫార్మలిన్‌లో. రెండోది ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష పోయినట్టే. దానికి మిషెల్స్ మీడియం అనే ద్రావణం కావాలి, అది లేకపోతే మామూలు సెలైన్‌లో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. సీసాల మీద పేరు, ఏ ముక్క ఏదో మార్కర్‌తో రాయించుకుని కదలండి. ఇది పాడైతే మళ్లీ కోయాలి.

వీలైతే స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే బయాప్సీ అయిపోవాలి. ఇప్పటికే ఎవరో వైసొలోనో బెట్నెసాలో ఇచ్చి ఉంటే దాచకండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే కోతకు ముందే చెప్పండి. కొన్నిచోట్ల రక్తంలో డెస్మోగ్లీన్ 1, 3 యాంటీబాడీల ఎలైజా పరీక్ష కూడా చేస్తారు. మొదటి రిపోర్టు పారేయకండి, తర్వాత పోల్చుకోవడానికి అదే కావాలి.

8. ఇంట్లో పుండ్లను ఎలా చూసుకోవాలి

ఈ జబ్బుల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇన్ఫెక్షన్. పచ్చి చర్మం తెరిచిన తలుపు, పైగా మందులు ఒంటి బలాన్ని తగ్గిస్తాయి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా పేషెంటును ముట్టుకోవద్దు, డాక్టరైనా సరే.

స్నానం మానకండి. గోరువెచ్చని నీళ్లు మగ్గుతో మెల్లగా పోయండి. అతుక్కున్న బట్టను లాగొద్దు, తడిపి తడిపి అదే వదిలేదాకా ఆగండి. టవల్‌తో తుడవకూడదు, అద్దాలి. డాక్టరు పొటాషియం పర్మాంగనేట్ రాస్తే నీళ్లు లేత గులాబీ రంగులో మాత్రమే ఉండాలి. ఊదా రంగుకు తిరిగితే ఎక్కువైంది, చర్మం కాలుతుంది. పలుకులన్నీ పూర్తిగా కరిగాకే వాడండి. కరగని పలుకు ఒక్కటి పుండు మీద పడినా చాలు. నోట్లోకి, కళ్లలోకి పోనివ్వొద్దు.

పెద్ద పొక్కు బిగిసి నొప్పి పెడుతుంటే స్టెరైల్ సూదితో కింది అంచున పొడిచి నీరు తీస్తాం, కప్పును మాత్రం కత్తిరించం. ఆ చర్మమే దానికి మంచి కట్టు. ఎలా చేయాలో వార్డులో ఒకసారి చేయించి చూసుకున్నాకే ఇంట్లో చేయండి.

పుండు మీద పొడి దూది, పొడి గాజు గుడ్డ ఎప్పుడూ వేయొద్దు. వాజలిన్ పల్చగా రాసి పారఫిన్ గాజు వేయండి. ప్లాస్టర్ చర్మానికి అంటించొద్దు, తీసేటప్పుడు చర్మం కూడా వస్తుంది. గాజు గుడ్డ పట్టీ వదులుగా చుట్టి, పట్టీ మీదే టేపు వేయండి.

వీపంతా పుండ్లుంటే అరటి ఆకు. ఇది మామ్మల కాలం చిట్కా అనుకోవద్దు, మన దేశంలో కాలిన గాయాల వార్డుల్లో కూడా వాడతారు. మైనం పూత ఉన్న నునుపు ఆకు పుండుకు అతుక్కోదు, చల్లగా ఉంటుంది. లేత ఆకు ఈనె తీసేసి, శుభ్రంగా కడిగి, ఆవిరి మీద మెత్తబడేదాకా ఉంచి, చల్లారాక మెరిసే వైపు ఒంటికి తగిలేలా పరవండి. తడిసిన ఆకు వెంటనే మార్చేయండి. ఆకు దొరకని ఊళ్లో ఉంటే మెత్తటి కాటన్ పంచె మీద పలుచగా వాజలిన్ రాసి వాడొచ్చు. సింథటిక్ దుప్పటి, బిగుతు జాకెట్టు, లాస్టిక్ నడుము లంగా వద్దు. రాపిడి తగిలిన చోటే కొత్త పొక్కు లేస్తుంది.

9. నోరు, తిండి

తినలేక బక్కచిక్కిపోవడం ఈ జబ్బులో మామూలు. పుండ్ల నుంచి ప్రోటీన్ కూడా కారిపోతుంది. రాగి జావ, పెరుగన్నం మెత్తగా పిసికి, చల్లారిన పప్పుకట్టు, బాగా ఉడికిన ఇడ్లీ పాలల్లో నాన్చి, గుడ్డు తినేవాళ్లకు మెత్తగా గిలకొట్టి పొరటు. ఆవకాయ, చింతపండు పులుసు, జంతికలు, అప్పడాలు, వేడివేడి కాఫీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. జంతిక ముక్క గీసుకుంటే చాలు, అంగిలి పొర లేచిపోతుంది. తినే ముందు డాక్టరు ఇచ్చిన మొద్దుబార్చే జెల్ రాస్తే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. పత్యం పేరుతో పప్పు, పెరుగు, గుడ్డు మాన్పించేవాళ్ల మాట వినకండి.

చిన్నపిల్లల మెత్తటి బ్రష్, నురగ తక్కువ వచ్చే పేస్టు. మంటగా ఉందని పళ్లు తోమడం మానేస్తే చిగుళ్లు ఇంకా చెడతాయి. తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. నాలుక మీద తెల్లగా పెరుగు తరకలు కట్టినట్టుంటే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు, స్టెరాయిడ్ వల్ల వచ్చే ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందుంది.

10. మందులు: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

స్టెరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతికేవాళ్లు కాదు. 1950ల తర్వాత కథ మారింది. అందుకే "స్టెరాయిడా? వద్దు" అనే భయం సరికాదు. అలాగే మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

ప్రెడ్నిసొలోన్ సాధారణంగా పొద్దున టిఫిన్ తర్వాత. పుండ్లు మానగానే ఒక్కసారిగా ఆపొద్దు. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి పడుకుని ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు, జబ్బు కూడా తిరగబెడుతుంది. వాంతులై మాత్ర నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ వేయించుకోవాలి. షుగర్ చూసుకునేటప్పుడు పరగడుపు ఒక్కటే చూస్తే మోసపోతారు, పొద్దున వేసిన స్టెరాయిడ్ షుగర్‌ను మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది. భోజనం తర్వాతది కూడా చూడండి. బీపీ, కళ్లు, ఎముకలకు కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి. నల్లటి విరేచనం అయితే వెంటనే వెళ్లండి.

స్టెరాయిడ్ తగ్గించడానికి తోడుగా అజథయోప్రిన్, మైకోఫినొలేట్ లాంటివి ఇస్తారు. నెలకోసారి మూడు రోజుల డ్రిప్ గురించి పాత పేషెంట్లు చెబుతుంటారు. అది 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రిచా మొదలుపెట్టిన డీసీపీ (డెక్సామెథసోన్-సైక్లోఫాస్ఫమైడ్ పల్స్) పద్ధతి, దేశమంతా వాడారు. దాంట్లోని సైక్లోఫాస్ఫమైడ్ సంతానం కలగడాన్ని దెబ్బతీయగలదు కాబట్టి పెళ్లికావాల్సినవాళ్లు, పిల్లలు కావాల్సినవాళ్లు ముందే మాట్లాడుకోవాలి. ఇప్పుడు ఎక్కువ వినపడేది డ్రిప్‌లో ఎక్కించే రిటుక్సిమాబ్. పెంఫిగస్ వల్గారిస్‌కు అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2018లో అనుమతి ఇచ్చింది. ఎక్కువగా రెండు వారాల తేడాతో 1000 మిల్లీగ్రాముల చొప్పున రెండు డోసులు. వేసే ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు జరిగాయో లేదో మీరే అడగండి. ఖర్చు ఎక్కువని ఒక్క డోసుతో ఆపేయాలనుకుంటే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పండి, మధ్యలో మాయం కాకండి.

ఈ మందులు వాడుతున్నప్పుడు జ్వరం చాటున ఉండిపోతుంది. 99 చూపించినా మనిషి నీరసంగా, తేడాగా ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు.

11. తగ్గుతోందని ఎలా తెలుస్తుంది

"నొప్పి తగ్గింది" అన్నది లెక్క కాదు, నొప్పి మాత్ర వేసినా తగ్గుతుంది. నోట్‌బుక్‌లో రోజూ మూడే రాయండి: ఇవాళ కొత్తగా లేచిన పొక్కులు ఎన్ని, పచ్చి పుండ్లు ఎన్ని అరచేతులంత, ఏం తినగలిగారు. పెంఫిగాయిడ్ అయితే దురదకు పదికి ఎంతో కూడా. వారానికోసారి బరువు.

మొదట ఆగాల్సింది కొత్తవి లేవడం. పాతవి మానడం దాని వెనక వస్తుంది. కనీసం రెండు వారాలు కొత్తవి లేకుండా, ఉన్నవాటిలో 80 శాతం దాకా మానితే జబ్బు లొంగిందని డాక్టర్లు లెక్కపెట్టి అప్పుడు స్టెరాయిడ్ తగ్గించడం మొదలుపెడతారు. అందుకే "బాగైపోయింది కదా, ఇంకా ఎందుకు అదే డోసు" అన్న తొందర వద్దు. నోరు అన్నిటికంటే చివర్లో మానుతుంది, తల కూడా మొండిది. మానినచోట నల్లమచ్చ మిగిలితే భయపడకండి, అది పుండు కాదు, నెలల మీద వెలిసిపోతుంది.

మానాక ఎప్పుడో ఒకటి అరా పొక్కు లేచి వారంలోపు దానంతట అదే పోతే జబ్బు తిరగబెట్టినట్టు కాదు. రాసి పెట్టుకుని తర్వాతి విజిట్‌లో చూపించండి. నెలలో మూడు, అంతకు మించి లేచి వారం దాటినా మానకపోతే, లేదా మానిన పుండే మళ్లీ పాకితే, అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు. పళ్లు పీకించుకోవడం, కంటి ఆపరేషన్, టీకా ఏది ఉన్నా ముందు చర్మం డాక్టరుకు చెప్పండి. ఈ మందులు వాడుతుంటే లైవ్ టీకాలు (బలం తగ్గించిన బతికున్న క్రిములతో చేసేవి) వేయించుకోకూడదు.